షష్టిపూర్తి కార్డులో ప్రకాశం బ్యారేజీ: గేట్లు వాటంతటవే లేవాలంటే ఎలా?

తాడేపల్లి అమ్మాయి · జులై 11, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. శ్రావణంలో మా నాన్నగారి షష్టిపూర్తి, గుంటూరులో చేస్తున్నాం. ఆయనకి నా చేత్తో చేసిన పాప్-అప్ కార్డు ఇవ్వాలని కోరిక. నాన్న ఉద్యోగం చేసినన్నాళ్లూ తాడేపల్లి నుంచి బెజవాడకి సైకిల్ మీదే వెళ్లొచ్చారు. అందుకని కార్డు తెరవగానే ప్రకాశం బ్యారేజీ లేచి నిలబడాలి. వెనక ఇంద్రకీలాద్రి, ముందు నీళ్లు.

ఏ4 డ్రాయింగ్ షీటు సగానికి మడిచాను. ఒక్కో సగం 21 సెంటీమీటర్ల వెడల్పు, 14.8 ఎత్తు. కింది సగం బల్ల మీద పడుకుంటుంది, పై సగం గోడలా నిలబడుతుంది. మడతకి 9 సెంటీమీటర్ల ముందు, 7 సెంటీమీటర్ల ఎత్తున బ్యారేజీ పెట్టి నమూనా కట్టి చూశాను. తెరిస్తే బాగానే ఉంది, మూస్తే మాత్రం కార్డు అంచు దాటి బయటికి పొడుచుకొస్తోంది.

రెండో సంగతి, గేట్లు. తెరుస్తుంటే గేట్లు కూడా పైకి లేస్తే ఎంత బాగుంటుందో! అసలు అది కాగితంతో అయ్యే పనేనా?

ఇంకోటి, ఫెవికాల్ రాసిన చోటల్లా కాగితం ఉబ్బి అలలు తేలుతోంది. నీళ్లు ఎటూ వెయ్యాలి కదా అని వదిలేద్దామంటే అలలు కొండ మీద కూడా వస్తున్నాయి!

---

గుంటూరు గోంగూర · జులై 11, రాత్రి 10:05

బ్యారేజీకి 70 గేట్లండీ. ఇప్పుడు మొదలుపెడితే వచ్చే ఏడాది శ్రావణానికి అవుతాయి.

---

కత్తెరపిట్ట · జులై 11, రాత్రి 10:31

గోంగూర గారిని పట్టించుకోకండి. ఏడు గేట్లు పెడితే చాలు, చూసేవాళ్లకి బ్యారేజీ అని తెలిసిపోతుంది. ఆ స్తంభాల వరస, పైన రోడ్డు, దీపస్తంభాలు వస్తే బెజవాడవాళ్లు ఇంకేం లెక్కపెట్టరు.

గేట్లు వాటంతటవే లేవడం ఎందుకండీ? లాగుడు పట్టీ పెట్టండి. బ్యారేజీ వెనక గేట్ల పట్టీ, దాని తోక పైకి రావాలి. నాన్నగారు తోక పట్టుకుని లాగితే గేట్లు లేస్తాయి. కార్డు ఇచ్చాక అవతలి మనిషికి చేతిలో ఏదో ఒక పని ఉండాలి, అప్పుడే మజా. మొగల్రాజపురంలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకి సంక్రాంతి కార్డులు నేర్పిస్తుంటాను. గంగిరెద్దు తల ఊపడం అంతా లాగుడు పట్టీ మీదే. తలకి ఇరుసు దగ్గరగా పట్టీ కలిపితే, కొంచెం లాగినా తల బాగా ఊగుతుంది. దూరంగా కలిపితే ఎంత లాగినా బద్ధకంగా కదులుతుంది. ఇదొక్కటి పట్టుబడితే సగం బొమ్మలు వచ్చేసినట్టే.

పట్టీ దూరే చీలిక పట్టీ కన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉండాలి. లోపలి కొసన పట్టీకి అడ్డంగా ఇంకో ముక్క అతికించండి, లేకపోతే మొత్తం ఊడి చేతికి వస్తుంది.

---

బ్రాడీపేట మాస్టారు · జులై 12, ఉదయం 6:15

అమ్మా, ముందు నీ మొదటి ప్రశ్న. కార్డు మూసినప్పుడు ఏమవుతుందో చూడు. మడత నుంచి బ్యారేజీ అడుగు దాకా ఉన్న దూరం, బ్యారేజీ ఎత్తు, ఈ రెండూ ఒకే గీత మీద పడుకుంటాయి. నీవి 9, 7. కలిపితే 16. నీ కాగితం 14.8 మాత్రమే. 1.2 సెంటీమీటర్లు బయటికి వచ్చి తీరుతుంది, రాకపోతే నేను పాఠం చెప్పిన ముప్పయ్యేళ్లూ దండగ. ఈ రెండూ కలిపి 14 దాటనివ్వకు.

ఇంకొక నియమం. బ్యారేజీ పై అంచుని వెనక గోడకి కలిపే పట్టీ ఉంటుంది కదా, దాని పొడవు మడత నుంచి బ్యారేజీకి ఉన్న దూరం ఎంతో సరిగ్గా అంతే ఉండాలి. గోడ మీద అది అతికే ఎత్తు, బ్యారేజీ ఎత్తు కూడా సమానం కావాలి. అంటే పక్క నుంచి చూస్తే సమాంతర చతుర్భుజం. ఎదురెదురు భుజాలు సమానంగా ఉంటే ఏ కోణంలోనైనా ఇబ్బంది పడకుండా మూసుకుంటుంది. ఒక్క భుజం రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా మూసేటప్పుడు ఎక్కడో ఒకచోట కాగితం నలుగుతుంది.

ఇక గేట్లు వాటంతటవే లేవడం. అవుతుందమ్మా. కాస్త కాఫీ తాగి వచ్చి రాస్తాను, పైథాగరస్‌తో పని పడింది.

---

ప్రెస్ బాబాయ్ · జులై 12, ఉదయం 7:50

గవర్నర్‌పేటలో మాది బైండింగు పని. మాస్టారు కాఫీ నుంచి వచ్చేలోపు ఉబ్బు సంగతి నేను చెబుతా.

కాగితానికి పీచు ఒకే దిక్కున నడుస్తుంది. మేం గ్రెయిన్ అంటాం. షీటుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచి చూడండి. ఏ వైపు తేలిగ్గా వంగిందో ఆ మడతకి సమాంతరంగా పీచు ఉన్నట్టు. తడి తగిలితే పీచు లావెక్కుతుంది కానీ పొడవు పెద్దగా పెరగదు. కాబట్టి ఉబ్బు అంతా పీచుకి అడ్డంగానే. అతికించే రెండు కాగితాల గ్రెయిన్ ఒకే దిక్కున పెట్టండి, రెండూ కలిసి పెరిగి కలిసి తగ్గుతాయి. చెరో దిక్కున పెడితే లాక్కుని అలలు వస్తాయి.

ఫెవికాల్‌లో నీళ్లు కలపకండి. పాత ఏటీఎం కార్డుతో పొర కనీ కనపడకుండా లాగండి, మీద న్యూస్ పేపరు వేసి బరువు పెట్టండి, రాత్రంతా కదపకండి. మన కృష్ణ ఒడ్డున వానాకాలంలో ఒక గంటలో ఆరిందనుకుని తీస్తే మళ్లీ లేస్తుంది. వెడల్పాటి ముక్కలకి డబుల్ సైడ్ టేపే మేలు. కానీ బలం పడే చోట టేపు వద్దు, మే నెల ఎండకి జిగురు జారి ముక్క పక్కకి నడుస్తుంది. మడత పడే చోట్ల, లాగుడు ఉన్న చోట్ల ఫెవికాలే.

కార్డు పెద్ద మడత గ్రెయిన్ వెంబడే రావాలి. అడ్డంగా మడిస్తే పైపొర పగిలి లోపలి తెలుపు బయటపడుతుంది. అట్టకి మెరుపు కోటింగు ఉంటే ఇంకా ఘోరం. పాత పెళ్లి శుభలేఖలు వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, అవి చూడ్డానికి బ్రహ్మాండం, మడిస్తే ఏడుపే.

---

కత్తెరపిట్ట · జులై 12, ఉదయం 8:20

మడిచే ముందు గాడి పెట్టాలి కదా బాబాయ్ గారూ, దానికి ఏం వాడతారు? నేను సిరా అయిపోయిన పెన్ను వాడతాను.

---

ప్రెస్ బాబాయ్ · జులై 12, ఉదయం 8:34

పెన్ను చాలు. మా దగ్గర క్రీజింగ్ మెషిను ఉంది గానీ ఇంట్లో అదే మేలు. దబ్బనం వాడేవాళ్లు మొనతో గీయకండి, పీచు తెగుతుంది. ఒంపు తిరిగిన వీపుతో నొక్కండి. కటర్‌తో సగం లోతు కోసి మడిచే అలవాటు కొందరికి ఉంది, కదిలే బొమ్మల్లో అది పనికిరాదు, పదిసార్లు తెరిస్తే ఊడి చేతికొస్తుంది.

---

బ్రాడీపేట మాస్టారు · జులై 12, ఉదయం 9:10

వచ్చాను. కాగితం, పెన్సిలు తీసుకో అమ్మా.

బ్యారేజీని మడతకి 4 సెంటీమీటర్ల ముందు పెట్టు. ఎత్తు 5. కలిపితే 9, కార్డులో హాయిగా ఇముడుతుంది. బ్యారేజీ ముందు గోడలో కింద 2 సెంటీమీటర్లు కిటికీలుగా కోసెయ్, మధ్యలో స్తంభాలు మిగలాలి. స్తంభాల పాదాలే కింది కాగితానికి అతుకుతాయి. పై 3 సెంటీమీటర్లు గట్టి గోడ, రోడ్డు అక్కడ గీసుకో.

గేట్లన్నీ కలిపి ఒకటే పట్టీ. ఎత్తు 2 సెంటీమీటర్లు. ఇది గోడ వెనక పైకీ కిందకీ జారాలి. దింపి ఉంటే కిటికీలు మూసుకుంటాయి, 2 సెంటీమీటర్లు లేపితే రోడ్డు వెనక దాక్కుంటుంది. చిన్న గేటు ముక్కలు విడివిడిగా పెట్టావా, ఒకటి లేచి ఒకటి ఇరుక్కుంటుంది.

ఇప్పుడు అసలు కిటుకు. 5 సెంటీమీటర్ల పొడవున్న గట్టి అట్ట పట్టీ ఒకటి తీసుకో. ఒక కొస పెద్ద మడత దగ్గర కీలులా, రెండో కొస గేట్ల పట్టీ సరిగ్గా నడిమి ఎత్తులో కీలులా అతికించు. కార్డు మూసి ఉన్నప్పుడు ఇవన్నీ ఒకే గీత మీద ఉంటాయి కాబట్టి, 5 లోంచి దూరం 4 తీసేస్తే గేటు నడుము 1 సెంటీమీటరు ఎత్తులో ఉంటుంది. అంటే గేటు కింద ఉంది. కార్డు 90 డిగ్రీలు తెరిచావు. ఇప్పుడు అడుగు 4, కర్ణం 5. నిలువు భుజం ఎంత?

---

గుంటూరు గోంగూర · జులై 12, ఉదయం 9:14

మూడు! మాస్టారూ, పదో తరగతి తర్వాత ఇది మళ్లీ నాకు పనికొస్తుందని అనుకోలేదు.

---

బ్రాడీపేట మాస్టారు · జులై 12, ఉదయం 9:21

మూడే. ఒకటి నుంచి మూడుకి, అంటే గేటు సరిగ్గా 2 సెంటీమీటర్లు లేచింది. మూస్తే అదే పట్టీ మళ్లీ కిందకి లాగుతుంది. దారం అక్కర్లేదు, తోక అక్కర్లేదు. ఆ పట్టీ బ్యారేజీ వెనక ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఎదురుగా కూర్చున్నవాళ్లకి కనపడదు కూడా.

నీ కొలతలు వేరైతే లెక్క ఒకటే: పట్టీ పొడవు వర్గంలోంచి దూరం వర్గం తీసి వర్గమూలం కట్టు, అది తెరిచినప్పటి ఎత్తు. పట్టీలోంచి దూరం తీసేస్తే మూసినప్పటి ఎత్తు. 3-4-5 తీసుకుంటే భిన్నాల బెడద లేదు, అంతే.

---

కత్తెరపిట్ట · జులై 12, ఉదయం 10:02

లెక్క అందంగా ఉంది మాస్టారూ, కాదనను. కానీ తోసే పట్టీ కాగితం కదా, వంగిపోదా? లాగితే కాగితం ఎంతైనా ఓర్చుకుంటుంది, తోస్తే మధ్యలో ఒంగుతుంది. నేను లాగుడు పట్టీ అన్నది అందుకే.

---

ప్రెస్ బాబాయ్ · జులై 12, ఉదయం 10:40

పిట్టమ్మ అన్నది నిజం. 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) జెరాక్సు కాగితమైతే వంగుతుంది. 250 గానీ 300 గానీ ఐవరీ అట్ట తీసుకుని, పట్టీ పొడవు వెంబడి గ్రెయిన్ వచ్చేలా కోయండి. ఆ దిక్కున కాగితం గట్టిగా నిలబడుతుంది. వెడల్పు ఒకటిన్నర సెంటీమీటరు ఉండాలి. నమ్మకం లేకపోతే రెండు పొరలు అతికించండి, రెండు కొసల మడతల దగ్గర మాత్రం ఒకే పొర.

బ్యారేజీ 17 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుందనుకుంటే నడిమధ్య ఒకే పట్టీ వద్దు, రెండు పక్కలా చెరొకటి. ఒకటే పెడితే గేట్లు ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లం.

పెద్ద మడత దగ్గర కొసని పైనుంచి అతికిస్తే మడత వాచిపోతుంది. మడత గీత మీదే చిన్న చీలిక కోసి, తోకని వెనక్కి తోసి అక్కడ అతికించండి. వెనక ఎటూ పై అట్ట వస్తుంది, కప్పేస్తుంది.

---

అరండల్‌పేట టీచరు · జులై 12, మధ్యాహ్నం 1:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను అయిదో తరగతికి క్రాఫ్టు చెబుతాను. లాగుడు పట్టీ మీద నా అభిప్రాయం ఒకటే: ఫంక్షన్లో పెట్టే కార్డుకి వద్దు. తోక కనపడితే చాలు, పిల్లలు లాగుతారు. నేరుగా లాగితే పర్వాలేదు, వాళ్లు పక్కకి లాగుతారు, మెలితిప్పుతారు. చీలిక చిరుగుతుంది. షష్టిపూర్తికి వచ్చే చుట్టాల పిల్లలందరి చేతుల్లోంచి బయటపడాలంటే తెరిస్తే కదిలేదే నయం. ఒక్క నాన్నగారే చూసేదైతే కత్తెరపిట్ట గారి మాట బాగుంది.

గేట్ల పట్టీ జారడానికి ఒక చిట్కా: గోడ వెనక రెండు పక్కలా, ఆ పట్టీ జారిపోకుండా పట్టి ఉంచే కాగితపు వంతెనలు అతికిస్తారు కదా, వాటికింద పట్టీ వెళ్లే చోట కొవ్వొత్తి రుద్దండి. నున్నగా జారుతుంది. అతికించేటప్పుడు జిగురు దారిలోకి కారకుండా వంతెన కింద పాలిథిన్ ముక్క పెట్టి, ఆరాక తీసెయ్యండి.

---

తాడేపల్లి అమ్మాయి · జులై 12, రాత్రి 8:55

అందరికీ బోలెడు థ్యాంక్స్. మధ్యాహ్నం పాత క్యాలెండర్ అట్టతో నమూనా కట్టాను, 4, 5, 5 కొలతలతో. మాస్టారూ, లేచాయి! కార్డు తెరుస్తుంటే మొదట్లో అసలు కదలవు, సగం తెరిచేసరికి జోరందుకుంటాయి. అమ్మకి చూపిస్తే కార్డు మొహం చూడకుండా వెనక్కి తిప్పి ఆ పట్టీనే చూస్తూ కూర్చుంది.

ఒకటే ఇబ్బంది. గేట్లు లేచాక కిటికీల్లోంచి తోసే పట్టీల కొసలు కనపడుతున్నాయి, తెల్లగా.

---

బ్రాడీపేట మాస్టారు · జులై 12, రాత్రి 9:20

మొదట్లో కదలకపోవడం సహజమే. మూసిన స్థితిలో అన్నీ ఒకే గీత మీద ఉంటాయి, కోణం కొంచెం మారినా పొడవుల్లో తేడా రాదు. కోణం పెరిగేకొద్దీ తేడా తొందరగా పెరుగుతుంది.

పట్టీలు స్తంభాల వెనకే వచ్చేలా జరుపు. కిటికీ మధ్యలో పెట్టావేమో. అప్పటికీ కనపడితే నీళ్ల రంగు వెయ్.

---

కత్తెరపిట్ట · జులై 12, రాత్రి 9:48

సరే, బ్యారేజీలో ఓడిపోయాను. పై అట్ట నాకు వదిలెయ్యండి.

షష్టిపూర్తి అంటే ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల చక్రం ఒకసారి తిరిగి, పుట్టిన సంవత్సరం పేరే మళ్లీ రావడం. మీ నాన్నగారు 1966 శ్రావణంలో పుట్టి ఉంటే పరాభవ, ఇప్పుడు నడుస్తున్నదీ పరాభవే. కార్డు పైన తిరిగే చక్రం పెట్టండి. 12 సెంటీమీటర్ల వ్యాసం, అరవై భాగాలు, ఒక్కోటి 6 డిగ్రీలు. అంచున ఒక్కో పేరుకి 6 మిల్లీమీటర్ల పైచిలుకు చోటొస్తుంది, కేంద్రం వైపు రాస్తే సరిపోతుంది. పై అట్టలో ఒక్క పేరు పట్టే కిటికీ. చక్రం అంచు కార్డు పక్కనుంచి అర సెంటీమీటరు బయటికి ఉంటే బొటనవేలితో తిప్పొచ్చు.

ఇది కొత్తదేం కాదు. పీటర్ అపియన్ అనే జర్మన్ పండితుడు 1540లో వేసిన ఖగోళ గ్రంథంలో గ్రహాల స్థానాలు లెక్కగట్టడానికి ఇలాంటి కాగితపు చక్రాలే ఒకదాని మీద ఒకటి పెట్టాడు. తిరిగే కాగితం పంచాంగం పని ఎప్పుడో చేసిందన్నమాట.

---

గుంటూరు గోంగూర · జులై 12, రాత్రి 10:01

అరవై పేర్లు చేత్తో రాసేలోపు నాన్నగారికి సహస్ర చంద్ర దర్శనం చేసెయ్యొచ్చు. ప్రింటు తియ్యండి.

---

తాడేపల్లి అమ్మాయి · జులై 12, రాత్రి 10:12

1966 శ్రావణమే! చక్రం పెడతాను. పేర్లు అమ్మ రాస్తానంటోంది, ఆవిడకి అరవయ్యీ వరసగా నోటికొచ్చు, దస్తూరీ నాకన్నా బాగుంటుంది. మధ్యలో ఇరుసుకి ఏం వాడను? స్టేషనరీ షాపులో రెండు కాళ్ల ఇత్తడి పిన్నులు దొరుకుతాయి గానీ, లావుగా లేచి లోపలి పేజీ మీద గుర్తు పడుతుందేమోనని భయం.

---

కత్తెరపిట్ట · జులై 12, రాత్రి 10:40

పడుతుంది. రెండు దారులున్నాయి.

మొదటిది కాగితపు ఇరుసు. చక్రానికి బెత్తెడు కాదు, చిన్న నాణెమంత గుండ్రటి రంధ్రం. దానికన్నా మిల్లీమీటరు చిన్న గుండ్రటి ముక్క వెనక అట్టకి అతికించి, దాని మీద చక్రం పెట్టి, పైన రంధ్రం కన్నా పెద్ద గుండ్రటి ముక్క మూతలా అతికించాలి. మధ్య ముక్క మందం చక్రం మందం కన్నా ఒక వెంట్రుక ఎక్కువ ఉండాలి, అందుకని చక్రం కోసిన అట్టదే ముక్క తీసుకుని కింద ఒక పల్చటి కాగితం చేర్చండి. లేకపోతే బిగుసుకుంటుంది.

రెండోది రాగి తీగ. 19వ శతాబ్దంలో మ్యూనిక్‌లో లోథార్ మెగెన్‌డార్ఫర్ అనే చిత్రకారుడు కదిలే బొమ్మల పుస్తకాలు చేశాడు. ఒక్క తోక లాగితే బొమ్మలో చెయ్యి, తల, కాలు అన్నీ వేరువేరుగా కదులుతాయి. వాటి ఇరుసులన్నీ సన్నటి రాగి తీగ చుట్టలే. తీగని చిన్న చుట్టగా చుట్టి, కొస రంధ్రంలోంచి అవతలికి తీసి, అటు కూడా చుట్టి అదమడమే. మోటారు వైండింగ్ షాపులో అడిగితే మూర తీగ ఊరికే ఇస్తారు.

మీకు చక్రం ఒకటే కాబట్టి కాగితందే చెయ్యండి.

---

అరండల్‌పేట టీచరు · జులై 13, ఉదయం 7:05

నాదొక చిన్న సలహా. అన్నీ కదలాలని చూడకండి. గేట్లు కదులుతున్నాయి, చక్రం తిరుగుతోంది. కొండ, గుడి గోపురం, రోడ్డు మీద సైకిలు ఉన్నచోటే ఉంటే కన్ను గేట్ల మీద నిలుస్తుంది. మా పిల్లలు గాలిపటం, హరిదాసు, ఎద్దు అన్నిటికీ పట్టీలు పెట్టి, తెరిస్తే ఏది చూడాలో తెలియకుండా చేస్తారు. సైకిల్ మాత్రం పెట్టడం మర్చిపోకండి.

---

తాడేపల్లి అమ్మాయి · జులై 13, ఉదయం 7:30

సైకిల్ రోడ్డు అంచున నిలబెడతాను టీచరు గారూ, కదలదు. కాకపోతే బ్యారేజీ ఎత్తు దాటి ఒక సెంటీమీటరున్నర పైకి వస్తుంది. మాస్టారూ, 4 కి 6.5 కలిపితే 10.5. ఇముడుతుంది కదా?

---

బ్రాడీపేట మాస్టారు · జులై 13, ఉదయం 7:41

ఇముడుతుంది. కానీ సైకిల్ పైభాగాన్ని కప్పు పట్టీకి, అంటే బ్యారేజీ పై అంచుని వెనక గోడకి కలిపేదానికి, అతికించకు, బ్యారేజీ ముందు గోడకే ఉంచు. కప్పు పట్టీ మడత దగ్గర సైకిల్ చుట్టూ కోసి వదిలితే అదే నిలబడుతుంది.

---

ప్రెస్ బాబాయ్ · జులై 13, ఉదయం 9:15

అమ్మా, ఐవరీ కొనకండి. మా దగ్గర పుస్తకాల అట్టలు కోయగా మిగిలిన కటింగులు ఉంటాయి, మీకు కావలసిన ముక్కలు అందులోంచే వస్తాయి. గ్రెయిన్ ఎటుందో నేనే పెన్సిల్‌తో బాణం వేసి ఇస్తా. పెద్ద మడత మెషిను మీద వేయించుకోండి, తిన్నగా వస్తుంది. సోమవారం రండి, ఒంటిగంట నుంచి మూడు దాకా మాత్రం ఉండను.

---

తాడేపల్లి అమ్మాయి · జులై 13, ఉదయం 9:22

ఈ రోజే సోమవారం కదా బాబాయ్ గారూ, పదకొండుకల్లా వస్తాను. 300 జీఎస్ఎం ముక్క తోసే పట్టీలకి, 250 బ్యారేజీకి, చక్రానికి. నమూనా కూడా తెస్తున్నాను, ఎడమ వైపు గేట్లు ఇంకా కాస్త ఆలస్యంగా లేస్తున్నాయి, మీరొకసారి చూడాలి.